ఎరువు తెచ్చుకున్న పాత్రలు

మా అమ్మ దగ్గర ఒక సీరియల్ బైండు ఉండేది. 1980ల్లో ఒక వారపత్రికలో వచ్చిన నవల. వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, దారం కట్టి దాచి, చివరికి తాడేపల్లిగూడెంలో స్కూలు రికార్డులు కుట్టే ఆయన చేత బైండు చేయించింది. ముదురు ఎరుపు అట్ట. అట్ట లోపల అమ్మ పేరు, దాని కింద ‘చదివి తిరిగి ఇవ్వవలెను’ అని గుండ్రటి అక్షరాలు. వీధిలో సగం మంది చదివారు దాన్ని. కొన్ని పేజీల మీద కాఫీ మరకలు, ఒకచోట పసుపు వేలిముద్ర.

ఆ బైండులో ఆఖరి రెండు వారాలు లేవు. ఆ ఎండాకాలం మేం అమ్మమ్మగారింట్లో ఉన్నామట, ఆ ఊరికి పత్రిక వచ్చేది కాదట. కథానాయిక రైల్వే స్టేషన్లో సిమెంటు బల్ల మీద, ఒళ్ళో చేతిసంచితో కూచుని ఉంటుంది. బండి వస్తోందని గంట కొడతారు. కింద ‘సశేషం’.

పదమూడేళ్ళప్పుడు అది చదివి అమ్మ వెంట పడ్డాను. “తర్వాత ఏమవుతుందమ్మా? ఎక్కుతుందా, ఎక్కదా?”

“ఏమోనే, గుర్తులేదు. ఎక్కిందనుకో,” అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

అనుకున్నాను. పాతికేళ్ళు అనుకుంటూనే ఉన్నాను. లాక్‌డౌన్ రోజుల్లో అది పదకొండు భాగాల కథై ఒక కథల యాప్‌లోకి ఎక్కింది. ఆమె బండి ఎక్కుతుంది, బెజవాడలో దిగుతుంది, హాస్టల్లో చేరుతుంది, టైపు నేర్చుకుంటుంది, మొగుడి ఉత్తరాలకి జవాబు రాయదు. చదివినవాళ్ళు బాగానే ఉన్నారు. అమ్మ వయసువాళ్ళు కొందరు ‘ఆ సీరియల్ మేమూ చదివాం తల్లీ’ అని వ్యాఖ్యలు పెట్టారు. ఏడో నెలలో ఆ నవల హక్కులు కొనుక్కున్న ప్రచురణకర్తల తరఫున ఒక ఈమెయిల్ వచ్చింది. రెండో రోజుకి యాప్‌లో నా కథ లేదు.

నాతోపాటు రాసే స్నేహితులు ఒకటే మాట అన్నారు: “డిస్‌క్లెయిమర్ పెట్టావుగా!” పెట్టాను. ప్రతి భాగం మొదట్లోనూ పెట్టాను. ‘ఈ పాత్రలు నావి కావు, మూల రచయిత్రివి. కేవలం అభిమానంతో రాస్తున్నాను.’ ఇప్పుడు చదువుకుంటే నవ్వొస్తుంది. పక్కింటి కోడిని పట్టుకొచ్చి, దాని కాలికి ‘ఇది పక్కింటివాళ్ళ కోడి’ అని చీటీ కట్టి, మన పెరట్లో వదిలినట్టుంది. ఆ చీటీ నేను దొంగతనంగా పేరు మార్చలేదని చెబుతుంది, అంతే. అడిగి తెచ్చానని చెప్పదు. నిజానికి నేరం ఒప్పుకున్న కాగితం అది.

తెలుగులో పాత్ర అంటే గిన్నె కూడానని ఆ రోజుల్లోనే తట్టింది నాకు. మా ఇంట్లో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టించేవాళ్ళు, ఎవరి పెళ్ళిలో ఎవరు చదివించారో సహా. వ్రతాలకీ తద్దినాలకీ ఒకరి గుండిగలు ఒకరింటికి తిరిగేవి. పేరు ఉంది కాబట్టి గిన్నె ఎవరిదో తగాదా లేదు. తగాదా వస్తే సొట్టల గురించే. ఇంకో సంగతి, గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు. నాలుగు అరిసెలో, కనీసం చిటికెడు పంచదారో వేసి ఇచ్చేవాళ్ళు. ఎరువంటే ఇక్కడ పొలానికి వేసేది కాదు, వాడుకుని తిరిగిచ్చే అరువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్నదీ వీళ్ళే, ఎరువు ఇచ్చిందీ వీళ్ళే.

ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఒకరి పాత్రలతో అభిమానులు రాసుకునే కథల మీద మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళు ఛాతీ విరిచి ‘మన సాహిత్యమంతా అదేనండీ’ అంటారు. నిజమే. ఊర్మిళ పధ్నాలుగేళ్ళు నిద్రపోయిందని, లక్ష్మణుడు తిరిగొచ్చి తట్టి లేపితే ఎవడో పరాయివాడనుకుని దులిపేసిందని మన ఆడవాళ్ళు పాట కట్టుకుని పాడుకున్నారు. వాల్మీకిలో లేదది. వ్యాసుడి భారతం అంతా వెతికినా శశిరేఖ పెళ్ళి కనపడదు, కానీ 1957లో వచ్చిన మాయాబజార్ చూశాక ఆ పెళ్ళి జరగలేదని ఎవరినైనా నమ్మించండి చూద్దాం. బేతాళ కథలు మూలంలో ఇరవై అయిదు. చందమామ వాళ్ళు అదే చెట్టు, అదే శవం, అదే భుజం పెట్టుకుని వందల కథలు కొత్తగా రాయించారు. మా తరానికి విక్రమార్కుడు సంస్కృతం నుంచి రాలేదు, చందమామ నుంచి వచ్చాడు. ఆధునికంలోకి వస్తే ముళ్ళపూడి వెంకటరమణ గిరీశం చేత లెక్చర్లు ఇప్పించారు, పురాణం సుబ్రహ్మణ్యశర్మ మధురవాణి చేత ఇంటర్వ్యూలు చేయించారు. గురజాడ పాత్రలు కన్యాశుల్కం గుమ్మం దాటి ఊరంతా తిరిగాయి.

కానీ ఈ వాదన నాకు సగమే మింగుడు పడుతుంది. వ్యాసుడికి రాయల్టీ లేదు. బేతాళుడికి వారసులు లేరు. నేను ఎరువు తెచ్చుకున్న పాత్రను సృష్టించినావిడ వారానికో భాగం రాసి, ఆ పారితోషికంతో ఇల్లు నడిపిన మనిషి. రామాయణాన్ని తిరగరాసే స్వేచ్ఛ నాకుంది కాబట్టి ఆవిడ నవలనీ తిరగరాస్తాను అంటే, ఊరి చెరువులో నీళ్ళు ముంచుకున్నాను కాబట్టి మీ నూతిలోనూ ముంచుకుంటాను అన్నట్టే. చెరువు వేరు, నుయ్యి వేరు. ఏది ఎప్పుడు చెరువవుతుందన్నదే చట్టం చెప్పేది.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత బతికినన్నాళ్ళూ, పోయాక మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. మొదట 50 ఏళ్ళే. 1941లో పోయిన టాగూరు రచనల గడువు 1991తో తీరిపోతుందనగా 60కి పెంచారు. ఈ లెక్క వేసుకుని చూస్తే సరదాగా ఉంటుంది. చిలకమర్తి 1946లో పోయారు కాబట్టి ఆయన నవలా నాయకుడు గణపతి 2007 జనవరి 1 నుంచి అందరివాడు. మొక్కపాటి 1973లో పోయారు కాబట్టి బారిస్టర్ పార్వతీశాన్ని మళ్ళీ ఓడెక్కించాలంటే 2034 దాకా ఆగాలి. బుడుగు సంగతి అడక్కండి. ముళ్ళపూడి 2011లో పోయారు, కాబట్టి 2072. అప్పటికి నేనుండను, బుడుగుకి మాత్రం అదే వయసు.

అయితే ఇది పుస్తకం మీద హక్కు. పాత్ర మీద హక్కు ఉందా? చట్టంలో సాహిత్య కృతి ఉంది, నాటకం ఉంది, సినిమా ఉంది. ‘పాత్ర’ విడిగా ఒక ఆస్తి అని ఎక్కడా రాసి లేదు. కోర్టులే ఒక్కో కేసులో ఒక్కో ముక్క చెబుతూ వచ్చాయి. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు పునాది వేసింది. హమ్ హిందుస్తానీ అనే తన నాటకాన్ని న్యూఢిల్లీ సినిమాగా తీసేశారని నాటకకర్త గోల. ఆలోచనకీ ఇతివృత్తానికీ కాపీరైటు లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది, రెండూ చూసినవాడికి ఇది దాని నకలేనని తిరుగులేకుండా అనిపించాలి అంది కోర్టు. నాటకకర్త ఓడిపోయాడు. 1990ల్లో నాగరాజ్ అనే కామిక్స్ పాము వీరుడికి పోటీగా నాగేశ్ అని మరొకరు దింపితే ఢిల్లీ హైకోర్టు నాగేశ్‌ని ఆపింది. పేరూ పోలికే, ఆకుపచ్చ ఒళ్ళూ పోలికే, పాములూ పోలికే. బొమ్మకి ఆ సుఖం ఉంది, పక్కన పెట్టి చూపించవచ్చు.

మనకి దగ్గరి కేసు 2016లో బొంబాయి హైకోర్టులో వచ్చింది. సర్దార్ గబ్బర్ సింగ్ విడుదల ముందర దబంగ్ నిర్మాతలు తమ చుల్‌బుల్ పాండే పాత్రను వాడుకున్నారని వెళ్ళారు. ప్రత్యేకంగా తీర్చిన పాత్రకి రక్షణ ఉండవచ్చని జడ్జి సూత్రంగా ఒప్పుకున్నారు. సినిమాని మాత్రం ఆపలేదు. ఇందులో నాకు నచ్చే విడ్డూరం ఏమిటంటే, గబ్బర్ సింగ్ అన్న పేరే షోలేలో బందిపోటుది. ఎరువు మీద ఎరువు. అదే షోలేని తిరగతీసినందుకు రామ్‌గోపాల్ వర్మ ‘ఆగ్’ సినిమా వాళ్ళకి 2015లో ఢిల్లీ హైకోర్టు 10 లక్షలు వడ్డించింది. కాబట్టి ‘పాత్రకి కాపీరైటు లేదు’ అని యాప్‌లో ధైర్యం చెప్పేవాళ్ళనీ నమ్మకండి, ‘పేరు వాడితే జైలే’ అని భయపెట్టేవాళ్ళనీ నమ్మకండి. రంగూ రూపూ నడకా మాటతీరూ ఎంత విడిగా గుర్తుపట్టేలా ఉంటే ఆ పాత్రకి అంత కాపుదల. ‘కష్టాలు పడి ఇల్లు వదిలిన మధ్యతరగతి ఇల్లాలు’ ఎవరి సొత్తూ కాదు. ఫలానా పేరుతో, ఫలానా అత్తతో, ఎడమ చెంప మీద ఫలానా మచ్చతో ఉన్న ఇల్లాలు వేరు.

ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన కేసు మాత్రం ఇవేవీ కావు. అది కేరళది. తోప్పిల్ భాసి 1952లో ‘మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు’ అనే అర్థం వచ్చే మలయాళ నాటకం రాశారు. కేరళలో ఆ పార్టీ పెరగడంలో ఆ నాటకానికి చాలా పేరుంది. నలభై ఏళ్ళు దాటాక సివిక్ చంద్రన్ ‘మీరు ఎవర్ని కమ్యూనిస్టుల్ని చేశారు?’ అని ఒక ప్రతినాటకం రాశారు. పాత్రలు అవే. సన్నివేశాలు చాలా అవే. సంభాషణలు కూడా బాగానే తెచ్చుకున్నారు. తెచ్చుకుని, ఆ కలలన్నీ ఏమైపోయాయని, ఆ రోజు జెండా పట్టిన దళితులకి చివరికి దక్కిందేమిటని ఆ పాత్రల చేతే అడిగించారు. అప్పటికి భాసి లేరు. వారసులు కోర్టుకెళ్ళారు. కింది కోర్టు ఆపమంది. 1996లో కేరళ హైకోర్టు ఆడుకోనిచ్చింది.

కోర్టు చూసింది మూడు విషయాలు. తెచ్చుకున్నది ఎంత, చేసిన విమర్శతో పోలిస్తే దాని విలువ ఎంత? ఎందుకు తెచ్చుకున్నారు? కొత్తది పాతదానికి బజార్లో పోటీ అవుతుందా? ప్రతినాటకం చూసినవాడు ‘ఇక అసలు నాటకం చూడక్కర్లేదు’ అనుకోడు. అసలు నాటకం తెలియనివాడికి ప్రతినాటకం అర్థమే కాదు. అక్కడ సంభాషణలు ఎత్తుకురావడం బద్ధకంతో చేసిన పని కాదు, ఆ మాటల్ని బోనులో నిలబెట్టడానికి చేసింది.

ఈ తీర్పు చదివిన రాత్రి నా పదకొండు భాగాల్నీ తీసి చూసుకున్నాను. అయిదో భాగంలో మొగుడు హాస్టలుకి వస్తాడు. ఆమె కిటికీలోంచి చూసి, కిందికి దిగకుండా, వార్డెన్ చేత ‘ఊళ్ళో లేదు’ అనిపిస్తుంది. నవలలో ఆమె ఎన్నడూ అబద్ధం ఆడలేదు. అబద్ధం ఆడలేకపోవడమే ఆమె గొప్పతనంగా చూపించారు. నాకు ఆ గొప్పతనం మీదే కోపం. ఆ సన్నివేశంలో నాకు ఆ పాత్ర కావలసిందే, ఇంకే ఆడమనిషిని పెట్టినా ఆ అబద్ధానికి బరువు లేదు. ఇది విమర్శేనని ఏ జడ్జి ముందైనా నిలబడి చెబుతాను.

ఏడో భాగం తీశాను. అక్కడ ఆమెకి పాత సంసారం గుర్తుకొస్తుంది. గుర్తుకు రావడం అనే వంకతో నవల్లోని పెరటి సన్నివేశం, అత్తగారూ ఈమే వాదించుకునేది, ఒకటిన్నర పేజీ ఉన్నదున్నట్టు దించేశాను. ఎందుకంటే అది బాగుంటుంది. అంతకన్నా కారణం లేదు. చదివినవాళ్ళలో ఎక్కువమంది మెచ్చుకున్నదీ ఆ భాగమే. ఆ మెప్పు నాది కాదు. ఆ వ్యాఖ్యలకి నేను దండం బొమ్మలు కూడా పెట్టాను.

ఇంకొకటి. చివరి మూడు భాగాలకి యాప్‌లో నాణేల తాళం వేశాను. చదవాలంటే డబ్బు కట్టాలి. మొత్తం మీద నాకు 740 రూపాయలు వచ్చాయి. ఆ 740తో ‘కేవలం అభిమానంతో’ అన్న మాట గంగలో కలిసింది. చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చనే మాట అందులోనే ఉంది. 740 రూపాయల కోసం ఆ ఊరట వదులుకున్నదాన్ని నేను.

మన ఫ్యాన్ ఫిక్షన్ గుంపుల్లో ఎవరినడిగినా ‘ఫెయిర్ యూజ్’ అంటారు, అంటే అనుమతి లేకుండానే చేసుకోగల న్యాయమైన వాడకం. ఆ మంత్రం అమెరికాది. అక్కడి చట్టంలో నాలుగు అంశాలు తూచి చూస్తారు, 1994 నుంచి ‘కొత్త అర్థం ఇచ్చిందా’ అన్న ప్రశ్నకి బలం వచ్చింది, అభిమాన రచయితల తరఫున వాదించడానికి 2007 నుంచి ఒక సంస్థే ఉంది. మనది ఫెయిర్ డీలింగ్. 52వ సెక్షన్లో జాబితా ఇచ్చారు: సొంత వినియోగం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల కథనం. అభిమానం ఆ జాబితాలో లేదు. పేరడీ కూడా పేరు పెట్టి లేదు, విమర్శ చాటున దూరాలి. అంటే మన దగ్గర పాత్రని తిట్టడానికి తెచ్చుకుంటే దారి ఉంది, ప్రేమించి తెచ్చుకుంటే లేదు. భాసి పాత్రల్ని నిలదీసిన చంద్రన్‌కి దొరికిన నీడ, ‘వాళ్ళిద్దరూ మళ్ళీ కలిస్తే బాగుండు’ అని నోటుపుస్తకంలోంచి ఫోన్లోకి ఎక్కించే ఇంటర్ పిల్లకి దొరకదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. డబ్బు తీసుకోకుండా, మూలాన్ని పేజీలకి పేజీలు ఎత్తకుండా, ఎవరి పాత్రలో చెప్పి రాసుకునేవాళ్ళకి ఆ జాబితాలో ఒక వాక్యం ఉండాలి. ఒక్క వాక్యం చాలు.

వాక్యం వచ్చినా 57వ సెక్షన్ పోదు, పోకూడదు కూడా. అది రచయిత గౌరవానికి సంబంధించింది. హక్కులన్నీ అమ్మేసుకున్నా, పేరు చెప్పించుకునే హక్కూ, తన పరువు తీసేలా రచనని వికారం చేస్తే అడ్డుకునే హక్కూ రచయిత దగ్గరే ఉంటాయి. మన్నూ భండారీ తన హిందీ నవలని సినిమా వాళ్ళకి అమ్మాక కూడా, దాన్ని చెడగొట్టారని 1980ల్లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళగలిగారు. పరువు కాపాడే ఈ హక్కుకి ఇదివరకు కాపీరైటు గడువే గడువు. 2012 సవరణలో ఆ మాట ఎత్తేశారు, వారసులూ వాడుకోవచ్చు. కాబట్టి గణపతి అందరివాడయ్యాడు కదా అని వాడిని పట్టుకుని ఏ రోత పనులైనా చేయిస్తామంటే నేనైతే వెనకా ముందూ చూసుకోమంటాను. అభిమాన కథల్లో సగం పడకగది కథలేనని మనందరికీ తెలుసు. పేరున్న పాత్ర గిన్నెకి సొట్ట పడితే అడగడానికి వచ్చేది ఈ గుమ్మంలోంచే.

నా కథ తీయించినవాళ్ళ మీద నాకు కోపం పోలేదు. ఏడో భాగం తీసేయమని ఉంటే తీసేసేదాన్ని. తాళం తీసేయమంటే తీసేదాన్ని. వాళ్ళు ఆ నవలని పదిహేనేళ్ళుగా అచ్చు వెయ్యలేదు. అచ్చులో లేని పుస్తకం మీద కాపలా ఇంత గట్టిగా ఉంటుంది, పుస్తకం మాత్రం దొరకదు. చట్టం ప్రకారం ఫిర్యాదు మీద యాప్‌లాంటివాళ్ళు 21 రోజులు దాన్ని కనపడకుండా ఉంచాలి, ఆ లోపల కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టవచ్చు. ‘వచ్చు’ అంది, ‘పెట్టాలి’ అనలేదు. ఇరవై రెండో రోజు పొద్దున్నే యాప్ వాళ్ళకి రాశాను. కోర్టు ఉత్తర్వు ఏమీ రాలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. కథ మాత్రం తిరిగి పెట్టలేదు. నాబోటి 740 రూపాయల రచయిత కోసం ఎవరు పూచీ పడతారు?

పోయిన సంక్రాంతికి మళ్ళీ మొదలుపెట్టాను. స్టేషన్ తణుకు అయింది. ఆమె పేరు మారింది, అత్త స్థానంలో మేనమామ వచ్చాడు, చెంప మీద మచ్చ పోయింది. పెరటి సన్నివేశం లేదు. మొగుడు హాస్టలుకి రావడం ఉంది, అబద్ధం ఉంది, కానీ ఆ అబద్ధానికి బరువు తేవడానికి ముందర నాలుగు అధ్యాయాలు అదనంగా రాయాల్సి వచ్చింది. ఎరువు పాత్రయితే ఆ నాలుగు అధ్యాయాలూ వేరేవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టి ఉంచారు. ఆ కష్టం ఎంతదో నాకు ఇప్పుడే తెలిసింది. తాళం వెయ్యలేదు.

మొదటి భాగం పెట్టిన రాత్రి ఒకావిడ వ్యాఖ్య రాశారు. “చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూచోగానే గుర్తుపట్టానమ్మా. ఈమె ఆమే కదూ?”

మూడు రోజులైంది. ఏం జవాబు రాయాలో తోచక అలాగే ఉంచాను.